గోవాలో మొదటిసారి పారాసెయిలింగ్: ఒడ్డున మొదలుపెట్టి మళ్లీ ఒడ్డుకు చేరేదాకా

పారాసెయిలింగ్‌లో ఎగిరే మనిషికి ఏ విద్యా రానక్కర్లేదు. పారాచ్యూట్ లాంటి గొడుగును పడవ తాడుతో లాగుతుంది, గాలి లేపుతుంది, మనం దాని కింద బెల్టుల్లో కూర్చుని చూస్తాం. దిశ మార్చడం, ఎత్తు తగ్గించడం, కిందికి దించడం అంతా పడవ మీదివాళ్ల పనే. అందుకే బీచ్‌కి వెళ్లినవాళ్లు దీన్ని జాతరలో జెయింట్ వీల్ ఎక్కినంత తేలిగ్గా తీసుకుంటారు. కానీ పైకి లేచాక మన చేతిలో ఏమీ ఉండదు కాబట్టి, మనం తీసుకోగలిగిన నిర్ణయాలన్నీ కింద ఉండగానే తీసుకోవాలి. ఏ నెల, ఏ పూట, ఏ పడవ, ఎంత గాలి, ఎలాంటి తాడు అన్నవే అసలు సంగతులు. ఇక్కడ సగానికి పైగా ఒడ్డు కబుర్లే ఉండటానికి కారణం అదే.

ఉదాహరణకు గోవాను తీసుకుంటున్నాను. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరే స్నేహితుల గుంపుకు ముందు తోచే బీచ్ అదేగా. బాలి, ఫుకెట్ వెళ్లేవాళ్లకూ గాలి, తాడు, బెల్టుల లెక్క ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు ఇది ఎలా ఎగురుతుందో తెలుసుకోండి

1961లో పియర్ మార్సెల్ లెమోయిన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పారాచ్యూట్ గుడ్డకు అక్కడక్కడా చీలికలు పెట్టాడు. లాగినప్పుడు లోపల చేరిన గాలి ఆ చీలికల్లోంచి వెనక్కి తన్నుకుపోతుంది, గొడుగు కుదురుగా పైకి లేస్తుంది. ఇప్పుడు మనం చూసే రంగురంగుల గొడుగులు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. పడవ వెనక భాగంలో ఒక చదును వేదిక, పడవలో తాడు చుట్టుకునే విన్చ్ యంత్రం ఉంటాయి. తాడు వదిలేకొద్దీ మీరు పైకి వెళ్తారు, చుట్టేకొద్దీ దగ్గరికి వస్తారు. లేవడం, దిగడం రెండూ ఆ వేదిక మీదే. గోవాలో ఎక్కువగా కనిపించేది ఈ పద్ధతే.

బేరం దగ్గర పనికొచ్చే లెక్క ఒకటుంది. "300 అడుగులు సార్" అని చెప్పేది చాలాసార్లు తాడు పొడవు. తాడు నిట్టనిలువుగా నిలబడదు, పడవ వెనక ఏటవాలుగా సాగుతుంది. 45 డిగ్రీల వాలులో 300 అడుగుల తాడుకు ఎత్తు సుమారు 210 అడుగులు. నిజానికి అదే చాలా ఎక్కువ, దాదాపు ఇరవై అంతస్తులు. కాబట్టి పక్కవాడు 500 అడుగుల తాడు అంటున్నాడని అదనంగా డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించదు.

రెండో లెక్క ప్రాణానికి సంబంధించింది. గొడుగుకు తగిలే గాలి అంటే పడవ వేగం, ఎదురుగాలి కలిపిన మొత్తం. పడవ గంటకు 20 కిలోమీటర్లతో గాలికి ఎదురు వెళ్తూ, గాలి 15 కిలోమీటర్లతో వీస్తుంటే గొడుగు మీద పడేది 35. ఆ గాలి తాడును లాగే బలం మాత్రం వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు అవుతుంది. గాలి కాస్త హెచ్చితే కెప్టెన్ పడవ నెమ్మది చేసి సరిచేస్తాడు. అసలు గాలే ఉధృతంగా ఉంటే పడవ ఆపినా గొడుగు లాగుతూనే ఉంటుంది, విన్చ్ వెనక్కి చుట్టలేక మొరాయిస్తుంది, తాడు తెగే ఘడియ అదే. ఈ ఒక్క సంగతి అర్థమైతే కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో మీకే తెలుస్తుంది.

నెల, పూట, గాలి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవా సముద్రం నైరుతి రుతుపవనాలది. ఆ నెలల్లో వాటర్ స్పోర్ట్స్ మూసేస్తారు, బీచ్‌ల మీద ఎర్రజెండాలు ఉంటాయి. అక్టోబరులో మళ్లీ ఊపందుకుని మే దాకా నడుస్తాయి. నా ఓటు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యకు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారాన్ని మాత్రం వదిలేయండి. ఆ రోజుల్లో పడవ నిండా జనం, వెనక క్యూ, వాళ్ల వెనక ఇంకో క్యూ. తొందరలో బెల్టు తనిఖీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు.

పూట విషయంలో మొహమాటం వద్దు, ఉదయమే వెళ్లండి. పొద్దున నేల చల్లగా ఉంటుంది, గాలి మెల్లగా వీస్తుంది. ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీది చల్లగాలిని తనవైపు లాక్కుంటుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఆ సముద్రపు గాలి జోరందుకుంటుంది, ఎండాకాలం దగ్గరపడేకొద్దీ ఇంకా ఎక్కువ. సాయంత్రం సూర్యాస్తమయం ఫొటోల కోసం ఆగేవాళ్లు ఆ గాలిలోనే ఎగరాల్సి వస్తుంది.

ఎంత గాలిదాకా ఫరవాలేదు? అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2014లో చట్టం చేసి కొన్ని గీతలు గీసింది. నిలకడ గాలి గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు దాటితే ఎగరేయకూడదు. విసురుగాలి 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు దాటినా కూడదు. ఏడు మైళ్లలోపు, అంటే సుమారు 11 కిలోమీటర్లలోపు ఉరుముల మబ్బు ఉన్నా కూడదు. ఇవి ఆఖరి హద్దులు. మొదటిసారి ఎగిరేవాళ్లకు నేను 20, 25 కిలోమీటర్ల దగ్గరే ఆగిపొమ్మంటాను. విండీ లాంటి వాతావరణ యాప్‌లో ఆ బీచ్ పేరు కొట్టి చూడండి. గాలి వేగాన్ని నాట్లలో (నావికుల వేగపు కొలతలో) చూపిస్తే, ఆ అంకెను 1.85తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. నిలకడ గాలి పక్కనే "గస్ట్" అని విసురుగాలి కూడా కనిపిస్తుంది. ఆ రెంటి మధ్య తేడా పెద్దదైతే, నిలకడ గాలి తక్కువగా ఉన్నా ఆ రోజు వాయిదా వేయండి.

యాప్ లేకపోతే సముద్రమే చెబుతుంది. నీటి మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్లటి నురగ తలలు లేస్తుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. తరచుగా లేస్తుంటే 20 నుంచి 28. ఎటు చూసినా నురగ తలలే అయితే 29 నుంచి 38 దాకా ఉన్నట్టు. ఆ రోజు ఒడ్డునే కూర్చుని చేపల వేపుడు తినడం మేలు.

వాన మబ్బును ఎప్పుడూ తక్కువ అంచనా వేయొద్దు. ఉరుముల మబ్బు ఇంకా దూరంగా ఉండగానే దాని ముందు విసురుగాలి వచ్చేస్తుంది. 2022 మేలో ఫ్లోరిడాలో ఇలాగే అకస్మాత్తుగా గాలి లేచింది. గొడుగు పడవనే లాగేస్తుంటే కెప్టెన్ తాడు కోసేశాడు, ఎగురుతున్న ముగ్గురూ ఒక పాత వంతెనకు కొట్టుకున్నారు, ఒక తల్లి చనిపోయింది.

ఏ బీచ్, ఎవరి దగ్గర

ఉత్తర గోవాలో బాగా (Baga), కలంగూట్, కాండోలిమ్, సింకెరిమ్ వరుసగా ఒకే ఇసుక తీరం. కాండోలిమ్, సింకెరిమ్ వైపు ఎగిరితే దక్షిణాన 1612 నాటి అగ్వాడా కోట, దాని లైట్‌హౌస్ కనిపిస్తాయి, కాబట్టి పై నుంచి చూడటానికి ఏదైనా ఉండాలనుకుంటే అటు వెళ్లండి. బాగా, కలంగూట్‌లలో రద్దీ ఎక్కువ. దక్షిణ గోవాలో కోల్వా, బెనౌలిమ్, మోబోర్‌లలో కూడా పారాసెయిలింగ్ ఉంది. అక్కడ జనం తక్కువ, కాస్త నింపాదిగా చూసుకోవచ్చు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే నేను దక్షిణానికే ఓటేస్తాను.

ఇసుకలో కాలు పెట్టగానే చేతిలో కార్డు పట్టుకుని "పారాసెయిలింగ్, జెట్ స్కీ, బనానా, కాంబో" అంటూ వెంటపడేవాళ్లుంటారు. వాళ్లు దళారులు. గోవా పర్యాటక చట్టం ప్రకారం అలా వెంటపడటం తప్పు. వాళ్లకు పడవతో సంబంధం ఉండదు, కమీషన్‌తోనే ఉంటుంది. వాళ్లను దాటుకుని కౌంటర్ దగ్గరికో పడవవాళ్ల దగ్గరికో నేరుగా వెళ్లి ఈ ప్రశ్నలు వేయండి. హిందీ నడుస్తుంది, వచ్చీరాని హిందీ అయినా ఫరవాలేదు.

టూరిజం శాఖ రిజిస్ట్రేషన్ ఉందా? పడవకు కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ (గోవా ప్రభుత్వ ఓడరేవుల శాఖ) అనుమతి ఉందా? పడవ నడిపేవారికి గోవాలోనే ఉన్న జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ, అంటే నివ్స్, ఇచ్చిన సర్టిఫికెట్ ఉందా? పడవలో కెప్టెన్ కాకుండా, ఎగిరేవాళ్ల మీదే కళ్లు పెట్టి ఉండే రెండో మనిషి ఉంటాడా? కాగితాలు చూపించమంటే సరైనవాడు విసుక్కోకుండా చూపిస్తాడు. "అరే సార్, రోజూ చేస్తాం, ఏం కాదు" అన్నాడంటే అది జవాబు కాదు.

ధర గురించి రెండు మాటలు. సీజన్‌ను బట్టి, బేరాన్ని బట్టి మారుతుంది. కాంబోలో, అంటే కొన్ని రైడ్లు కలిపి అమ్మే ప్యాకేజీలో, చవకగా కనిపించేది చాలాసార్లు ఎగిరే సమయాన్ని కోసేసి ఇచ్చేదే. పదిహేను నిమిషాల రైడ్ అన్నది పడవ ఎక్కడం, వంతు కోసం కూర్చోవడం అన్నీ కలిపిన లెక్క. గాలిలో ఉండేది రెండు మూడు నిమిషాలే కావచ్చు. అందుకే "హవా మే కిత్నే మినిట్?" అని విడిగా అడగండి. వీడియో, లైఫ్ జాకెట్, పడవ దాకా తీసుకెళ్లే చిన్న పడవ ఛార్జీ, పన్ను అన్నీ కలిపి ఎంతో ఒకేసారి చెప్పించుకుని, డబ్బు ఇచ్చి రసీదు తీసుకోండి. గాలి వల్ల రద్దైతే డబ్బు తిరిగి ఇస్తారా, మరో పూట ఇస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ముందే డబ్బు పోయిందన్న బాధే మనిషిని చెడ్డ గాలిలో పడవ ఎక్కిస్తుంది.

ఎవరు ఎగరకూడదు

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, వెన్ను లేదా మెడ సమస్య ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు వద్దు. బీపీ ఉంటే డాక్టర్‌ను అడిగి బయల్దేరండి. మందు తాగినవాళ్లు అసలే వద్దు. గోవాలో ఈ మాట ఎవరికీ నచ్చదని తెలుసు, అయినా ముందు రాత్రి లెక్క కూడా చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి రాత్రంతా కారు తోలుకుంటూ దిగిన రోజు కూడా వద్దు. నిద్ర లేని ఒంటికి పడవ ఊపు తగిలితే కడుపులో తిప్పడం ఖాయం.

బరువు దాచకండి. ముఖ్యంగా జంటగా ఎగిరేటప్పుడు ఇద్దరి బరువు కలిపి ఎంతో కెప్టెన్‌కు తెలియాలి. బరువు ఎక్కువై గాలి తక్కువైతే గొడుగు లేవక నీళ్లలో ఈడుస్తుంది. బరువు మరీ తక్కువై గాలి ఎక్కువైతే దించడం కష్టమవుతుంది. చిన్న పిల్లల్ని ఒంటరిగా ఎగరనీయకూడదన్నది ఇందుకే. పిల్లవాణ్ణి పెద్దవాళ్లతో కలిపి, పిల్లల కొలత హార్నెస్‌తోనే (ఒంటికి కట్టే బెల్టుల సెట్టుతోనే) పంపాలి. పెద్దవాళ్ల బెల్టునే బిగించి సర్దుతామంటే వెనక్కి వచ్చేయండి.

ఒంటి మీద ఏముండాలి

చీర, చున్నీ, వదులు కుర్తా, లుంగీ ఏవీ వద్దు. బెల్టులు తొడల చుట్టూ బిగుస్తాయి కాబట్టి మోకాళ్ల దాకా ఉండే షార్ట్స్ లేదా లెగ్గింగ్స్ హాయి. పొట్టి నిక్కరైతే బెల్టు ఒరుసుకుని చర్మం మండుతుంది. మంగళసూత్రం, గొలుసులు, ఉంగరాలు హోటల్ లాకర్‌లో పెట్టి రావడమే ఉత్తమం. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్లు దాన్ని బిగుతు టీషర్టు లోపలికి తోసి పిన్ను పెట్టుకోవాలి. జుట్టు ముడి వేసుకోండి. కళ్లజోడుకు వెనక తాడు కట్టుకోండి. ఎండ క్రీము అరగంట ముందే రాసుకోవాలి, అరచేతులకు మాత్రం అంటనీయొద్దు. ఫోన్ ఒడ్డున ఎవరికైనా ఇచ్చేయండి. పైన చేతిలో పట్టుకుని వీడియో తీద్దామనుకున్న ఫోన్లు చాలా అరేబియా సముద్రంలోనే ఉన్నాయి.

రెండు ఇడ్లీలు తిని గంట ఆగితే సరిపోతుంది. పూరీ, బిర్యానీ తర్వాతకు. ప్రయాణాల్లో వాంతులయ్యే ఒళ్లయితే డాక్టర్ చెప్పిన మాత్ర బయల్దేరే ముందే వేసుకోండి. చాలామందికి గాలిలో ఏమీ కాదు, వంతు కోసం ఆగి ఉన్న పడవలో ఊగుతున్నప్పుడే తిప్పుతుంది. దూరంగా ఆకాశం, నీరు కలిసే గీత మీద చూపు పెడితే కాస్త నిలుస్తుంది.

పడవ ఎక్కాక

ఒడ్డు నుంచి మోకాలి లోతు నీళ్లలో నడిచి చిన్న పడవ ఎక్కుతారు. అది అలలు దాటించి లోపల ఆగి ఉన్న పెద్ద పడవ దాకా తీసుకెళ్తుంది. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోండి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. బకిల్స్ అన్నీ టక్కున పడాలి. విరిగిన బకిల్ బదులు ముడి వేసి ఇస్తే వద్దని చెప్పి మరొకటి అడగండి.

మీ వంతు వచ్చేలోపు కాసేపు కూర్చోవాల్సి ఉంటుంది. ఆ సమయం వృథా కాదు. ముందువాళ్లను ఎలా ఎగరేస్తున్నారో, ఎలా దించుతున్నారో చూడండి. రెండో మనిషి వాళ్లవైపే చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా? తాడును కూడా గమనించండి. గొడుగు వైపున్న చివరి భాగమే ఎక్కువ అరుగుతుంది. అక్కడ పోగులు లేచి బొచ్చులా ఉన్నా, ఎండకు పెళుసెక్కి రంగు పోయినా, తాడు మధ్యలో ముడి కనిపించినా దిగిపోవడానికి అది చాలు. ముడి వేసిన చోట తాడు బలం చాలా తగ్గుతుంది, సగం దాకా కూడా పోవచ్చు. 2021 నవంబరులో డయ్యూలోని నాగోవా బీచ్‌లో ఒక జంట గాలిలో ఉండగా తాడు తెగిన వీడియో దేశమంతా చూసింది. లైఫ్ జాకెట్లు ఉండటంతో వాళ్లు క్షేమంగా బయటపడ్డారు.

ఒడ్డుకు ఎంత దూరంలో ఎగరేస్తున్నారన్నది కూడా చూడాలి. తాడు తెగినప్పుడు నీళ్లలో పడటం అంత ప్రమాదం కాదు. గాలి ఒడ్డువైపు తోసి కొబ్బరిచెట్లకో, కరెంటు తీగలకో, భవనాలకో కొట్టేయడమే ప్రమాదం. సముద్రపు గాలి ఒడ్డుకు వీస్తుంటే పడవ బాగా లోపలే ఉండాలి.

హార్నెస్, హుక్కులు

పడవవాళ్లు చకచకా కట్టేస్తారు, "ఏక్ మినిట్ భయ్యా" అని ఆపి మీరూ చూసుకోండి. తొడల బెల్టులు మెలికపడకుండా, తొడ పైభాగంలో చదునుగా ఉండాలి. కూర్చునే పట్టీ పిరుదుల కిందికి వచ్చిందో లేదో సగం కూర్చుని చూస్తే తెలుస్తుంది. బెల్టుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పడితే వదులు. ఆ తర్వాత భుజాలకు అటూ ఇటూ గొడుగు కింది అడ్డ కడ్డీకి (బార్‌కు) తగిలించే రెండు హుక్కులు ఉంటాయి. వాటి మూతలు పూర్తిగా మూసుకున్నాయో లేదో కళ్లతో చూడండి, మర ఉంటే తిప్పి బిగించారో లేదో అడగండి. ఒకసారి ఇవి పడ్డాక మళ్లీ వేదిక మీద కూర్చునేదాకా మీ చేతులు వాటి జోలికి పోకూడదు.

సైగలు కూడా అప్పుడే మాట్లాడుకోండి. బొటనవేలు పైకి అంటే బాగుంది. రెండు చేతులూ అడ్డంగా ఊపితే దించేయమని. ఇంజన్ మోతలో అరుపులు వినపడవు. కిందికి తెచ్చేటప్పుడు నడుము దాకా నీళ్లలో ముంచి లేపడం గోవాలో సరదా. ఇష్టం లేకపోతే "డిప్ నహీ చాహియే" అని ఎక్కేముందే గట్టిగా చెప్పాలి, లేకపోతే వేస్తారు.

పైకి

వేదిక మీద కాళ్లు చాపి కూర్చోబెడతారు. గొడుగు అప్పటికే వెనక గాలి నింపుకుని ఊగుతుంటుంది. దూకనక్కర్లేదు, లేవనక్కర్లేదు. పట్టీలు పట్టుకుని వెనక్కి వాలండి, తాడు వదలగానే కింద నుంచి వేదికే జారిపోతుంది. మొదటి కొన్ని క్షణాలు గుండె దడదడలాడుతుంది. తర్వాత ఇంజన్ మోత కిందెక్కడో ఉండిపోతుంది, చెవుల్లో గాలి తప్ప ఏమీ వినపడదు. విమానంలోలా చెవులు మూసుకుపోవడం లాంటిది ఉండదు, ఆ ఎత్తు అందుకు చాలదు. భయం వేస్తే కిందికి చూడటం మాని ఎదురుగా దూరంగా చూడండి. కాళ్లు వదులుగా వేలాడనివ్వండి, ఊగకండి. జంటగా ఉంటే పక్కవాళ్లను ఆటపట్టించడానికి కదిలించకండి.

దిగేటప్పుడు వేదిక దగ్గరపడగానే కాళ్లు ముందుకు ఎత్తి పెట్టండి. ముందు పిరుదులు ఆనాలి. నిలబడి దిగబోతే చీలమండ మెలిపడుతుంది. పడవవాళ్లు హుక్కులు తీసేదాకా అలాగే కూర్చోండి.

బాలిలోని తంజుంగ్ బెనోవాలో, ఫుకెట్‌లోని పాటాంగ్‌లో ఇసుక మీంచే లేపుతారు. అక్కడ తాడు బిగియగానే నాలుగడుగులు ముందుకు పరుగెత్తాలి, ఆగి కూర్చోబోతే ఇసుకలో ఈడ్చుకుపోతారు. పాటాంగ్‌లో వాళ్ల మనిషి ఒకడు మీ వెనక తాళ్లు పట్టుకుని తనూ పైకి వచ్చేస్తాడు. చూసేవాళ్లకు అది పెద్ద వినోదం. అతనికి సరైన బెల్టు కూడా లేకపోతే నేనైతే ఎక్కను.

తాడు తెగితే

గొడుగు వెంటనే కూలిపోదు, పారాచ్యూట్‌లా నెమ్మదిగా దింపుతుంది. గాలిలో ఉండగా హుక్కులు విప్పే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. కాళ్లు దగ్గరగా చేర్చి, మోకాళ్లు కాస్త వంచి ఉంచండి. నీళ్లు తగిలే ముందు ఊపిరి బిగబట్టండి. నీళ్లలో పడ్డాక గొడుగు ఇంకా గాలి పట్టి లాగుతుంటే వెల్లకిలా తిరగండి, మొహం నీటిపైనే ఉంటుంది. వెంటనే విడిపించే పట్టీ ఉన్న హార్నెస్ అయితే అప్పుడు లాగాలి. అందుకే అది ఎక్కడుందో హార్నెస్ కట్టేటప్పుడే అడిగి తెలుసుకోండి. గుడ్డ మీద పడిపోతే కంగారుగా కాళ్లు ఆడించొద్దు, తాళ్లు చుట్టుకుంటాయి. చేత్తో గుడ్డను పైకి ఎత్తి ఊపిరికి చోటు చేసుకుని, ఒక కుట్టు గీత పట్టుకుని దాని వెంటే అంచు దాకా వచ్చేయండి. ఆ తర్వాత పని లైఫ్ జాకెట్‌ది, పడవది. ఇంజన్ ఆగిపోయిన సందర్భంలోనూ ఇంతే, మెల్లగా నీళ్లలోకి దిగుతారు.

ఒడ్డుకు వచ్చాక

వీడియోకు డబ్బు కట్టి ఉంటే బీచ్ వదలకముందే మీ ఫోన్లోకి ఎక్కించుకుని, తెరిచి చూసుకోండి. "వాట్సాప్‌లో పంపిస్తాం సార్" అన్న వీడియోలు రావడం అరుదు. తొడల దగ్గర ఉప్పునీరు, ఇసుక, బెల్టు ఒరిపిడి కలిసి సాయంత్రానికి మంట పెడతాయి, మంచినీళ్లతో కడిగి కొబ్బరినూనె రాయండి. మెడ పట్టేసినా, నడుము కలుక్కుమన్నా అదే రోజు బనానా రైడ్ (పడవ వెనక లాగే, గాలి నింపిన అరటిపండు ఆకారపు తెప్ప) ఎక్కొద్దు, అది పారాసెయిలింగ్ కంటే ఎక్కువ కుదిపేస్తుంది. ప్రయాణ బీమా ఉన్నవాళ్లు సాహస క్రీడలకు అది వర్తిస్తుందో లేదో బయల్దేరే ముందే పాలసీలో చదువుకోవాలి, చాలా పాలసీలు వాటిని మినహాయిస్తాయి. గాలి వల్ల ఆ పూట రద్దైతే రసీదు మీద మర్నాటి తేదీ, ఉదయం టైము రాయించుకుని రండి.